టక్కుమంటే లాకు పడినట్టు కాదు

మడత కత్తి కొనేటప్పుడు మనవాళ్ళు అలుగు పొడవు చూస్తారు, గోరు మీద పదును చూస్తారు, ధర దగ్గర బేరమాడతారు. లాకు దగ్గరికొచ్చేసరికి ఒకసారి విసిరి తెరిచి, చప్పుడు విని, జేబులో వేసుకుంటారు. ఆ లాకు చూడబోతే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమున్న రేకు పట్టీ. తెరిచిన అలుగు తిరిగి మడుచుకుని వేళ్ళ మీద పడకుండా ఆపేది అదొక్కటే. దాన్ని ఎలా చూడాలో చెప్పేవాళ్ళు అరుదు. తప్పుగా చెప్పేవాళ్ళు మాత్రం ఏలూరు వన్‌టౌన్ ఇనప సామాను కొట్ల నుంచి ఆకివీడు చేపల షెడ్ల దాకా కావలసినంత మంది. వాళ్ళు చెప్పే చిట్కాలే ఇక్కడ పెడుతున్నాను. ఒక్కొక్కటీ ఎందుకు నమ్మకూడదో, దాని బదులు ఏం చూడాలో కూడా రాస్తున్నాను. చెరువు గట్ల మీద, పడవల మీద, లారీల దగ్గర రోజూ కత్తి పట్టేవాళ్ళు దీన్ని ఓపిగ్గా చదవాలని నా కోరిక.

ముందు ఈ పట్టీ లాకు, అంటే లైనర్ లాకు, పని ఏమిటో తెలియాలి. పిడి లోపల రెండు పక్కలా రెండు రేకులుంటాయి, వాటినే లైనర్లంటారు. వాటిలో ఒకదాన్ని పొడవునా కోసి, విడిపడిన పట్టీని లోపలివైపుకి కాస్త వంచుతారు. కత్తి మూసి ఉన్నంతసేపూ అలుగు ఆ పట్టీని పక్కకి నెట్టి ఉంచుతుంది. అలుగు పూర్తిగా తెరుచుకోగానే పట్టీ తన వంపు కొద్దీ లోపలికి జరిగి, అలుగు మొదలు వెనక చేరి అడ్డం నిలబడుతుంది. అలుగు మొదలుని అక్కడ నిట్టనిలువుగా కొయ్యరు. సుమారు 7 నుంచి 10 డిగ్రీల వాలు పెడతారు. ఆ వాలు మీద పట్టీ ఎంత జరిగితే అంత బిగుస్తుంది. ఎత్తు మీద ఆపిన లారీ చక్రానికి పెట్టే రాయిలాంటిదే ఇది. రాయి ఎంత పెద్దదన్నది తర్వాత సంగతి, చక్రానికి సరిగ్గా ఆనిందా లేదా అన్నది ముందు చూడాలి.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. అమెరికాలో 1906లోనే క్యాటరాగస్ అనే కత్తుల కంపెనీ కోసం ఇలాంటి పట్టీకి పేటెంటు తీసుకున్నారు. ఆ దేశపు సైన్యంలో సిగ్నల్ విభాగం వాళ్ళు వాడిన టీఎల్-29 అనే ఎలక్ట్రీషియన్ కత్తిలో స్క్రూడ్రైవరు మడుచుకోకుండా ఆపడానికి పెట్టింది ఇలాంటి పల్చటి పట్టీనే. 1980ల మొదట్లో మైకేల్ వాకర్ అనే కత్తుల తయారీదారు దీన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అలుగుని వెనక నుంచి నొక్కి పట్టే వెన్ను స్ప్రింగు తీసేశాడు. అలుగు తెరుచుకున్నాక ఆగడానికి ఒక ఆపు మేకు, మూసినప్పుడు జేబులో తెరుచుకోకుండా పట్టీలో ఒక చిన్న ఉక్కు గుండు పెట్టాడు. మనం ఇవాళ కొట్లో చూసే లైనర్ లాకు కత్తులన్నీ ఆ దారిలో వచ్చినవే. ఒంటి చేత్తో తెరిచి ఒంటి చేత్తో మూయవచ్చు కాబట్టి, తాటి దోనెలో ఒక చెయ్యి గెడ మీద ఉన్నవాడికి, ఒక చేత్తో వల పట్టుకున్నవాడికి ఇది నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

ఇక చిట్కాలు.

"టక్కుమని చప్పుడొస్తే లాకు పడినట్టే."

అన్నిటికన్నా ఎక్కువగా వినపడేది ఇదే. చప్పుడు రెండు చోట్ల నుంచి వస్తుంది: అలుగు ఆపు మేకుకి తగిలినప్పుడు, పట్టీ పక్కకి దూకినప్పుడు. పిడి లోపల ఖాళీ ఎక్కువుంటే చిన్న దెబ్బ కూడా గట్టిగా మోగుతుంది. పట్టీ కొస అలుగు మొదలు అంచు మీద వెంట్రుకవాసి మాత్రమే ఆనిన కత్తి కూడా టక్కుమంటుంది. పట్టీ పూర్తిగా దిగిన కత్తి కొన్నిసార్లు మెత్తగా, దాదాపు నిశ్శబ్దంగా కూర్చుంటుంది. చెవితో తేలే విషయం కాదిది, కంటితోనే చూడాలి.

చూసే పద్ధతి చెబుతాను. బొటనవేలితో అలుగుని నెమ్మదిగా, విసరకుండా, చివరిదాకా తెరవండి. పదును పైకి వచ్చేట్టు కత్తిని తిప్పి, అలుగు మడుచుకునే గాడిలోకి ఫోను టార్చి వెయ్యండి. అలుగు మొదలు వెనక ముఖం, దానికి ఆనుకున్న పట్టీ కొస కనిపిస్తాయి. మూడు సంగతులు చూడాలి. పట్టీ మందమంతా అలుగు మొదలు మీదికి వచ్చిందా, లేక దాని బయటి అంచు ఇంకా పక్కకే ఉండిపోయిందా? రెండో పక్క లైనరుకి, పట్టీకి మధ్య కంటికి కనిపించేంత సందు ఉందా? మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచినా అదే చోటుకి వస్తోందా? ఒకసారి నెమ్మదిగా, ఒకసారి మామూలు వేగంతో, ఇలా పదిసార్లు తెరిచి చూడండి. ప్రతిసారీ ఒకే చోట ఆగే పట్టీయే నమ్మదగింది. ఒకసారి అంచు మీద, ఇంకోసారి మధ్యలో ఆగేదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇంకా అనుమానముంటే అలుగు మొదలు వెనక ముఖం మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి ఆరనివ్వండి. పదీ ఇరవైసార్లు తెరిచి మూసి చూడండి. రంగు ఎక్కడ చెరిగిందో అక్కడే పట్టీ ఆనుతోంది. ఒక పక్క సన్నటి గీతలా మాత్రమే చెరిగితే ఆ పట్టీ కొస సమంగా కొయ్యలేదని అర్థం. కొట్టువాడు మార్కరు పూయనివ్వకపోతే కనీసం టార్చి వేసి చూసేంతసేపు ఇమ్మనండి. పది నిమిషాలు పదును చూడనిచ్చేవాడు ఒక్క నిమిషం లాకు చూడనివ్వకపోతే ఆ కొట్టు మానేయడమే మంచిది.

"పట్టీ ఎంత లోపలికి పోతే అంత గట్టి."

వినడానికి సబబుగా ఉంటుంది. అందుకే ప్రమాదం. వాలు మీద జరిగే పట్టీకి లోపలికి జరగడానికి ఉన్న చోటే దాని ఆయుష్షు. వాడినకొద్దీ పట్టీ కొస అరుగుతుంది. అరిగినంత మేరకు ఇంకాస్త లోపలికి జరిగి ఆ లోటు తనే పూడ్చుకుంటుంది. ఈ లాకులో తెలివంతా అక్కడే ఉంది. కొత్త కత్తిలోనే పట్టీ అవతలి లైనరుకి ఆనుకుని ఉందంటే ఆ ఆయుష్షు తయారీలోనే ఖర్చయిపోయింది. ఇక అరిగితే జరగడానికి చోటు లేదు, అలుగు వదులవ్వడం ఒక్కటే మిగిలింది. అమ్మేవాడు దాన్ని "ఫుల్ లాకు" అని చూపించి ఇంకో యాభై ఎక్కువ అడుగుతాడు. మీరు దాన్ని సగం ధరకి కూడా తీసుకోకండి.

ఇక్కడ లోహాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. ఖరీదైన కత్తుల్లో లైనరు టైటానియంతో చేస్తారు. అది తేలిక, తుప్పు పట్టదు, స్ప్రింగులా బాగా వంగుతుంది. కానీ అలుగు ఉక్కుకన్నా చాలా మెత్తన. అందుకే టైటానియం పట్టీ మొదటి కొన్ని వారాల్లో కాస్త లోపలికి జరిగి, ఆ తర్వాత కుదురుకుంటుంది. కొత్తలో అంచుకి దగ్గరగా, కానీ మందమంతా ఆనుకుని ఉంటే అది తయారీదారు కావాలని వదిలిన చోటు. ఉక్కు లైనరు అంతగా జరగదు. ఉక్కు పట్టీ నెల తిరక్కుండా చివరిదాకా పోయిందంటే అది కుదురుకోవడం కాదు, లోహమే నాసి.

"సరిగ్గా సగం మీద ఉండాలి, అంతే."

పై చిట్కాకన్నా ఇది మేలు, అయినా గుడ్డి లెక్కే. ఈ శాతాలు వల్లెవేసేవాళ్ళు పట్టీ మందం ఎంతో ఎప్పుడూ అడగరు. అలుగు మొదలు 3 మిల్లీమీటర్లు, పట్టీ 1 మిల్లీమీటరు అనుకోండి. పట్టీ మందమంతా ఆనడానికి మూడో వంతు చాలు, అది మంచి లాకే. అదే పట్టీ ఒకటిన్నర మిల్లీమీటర్లుంటే మందమంతా ఆనేసరికి అదే సగమవుతుంది. ఇంకో రకం ఉంది, ఫ్రేమ్ లాకు. దాంట్లో పిడి పక్క పలకనే కోసి పట్టీగా వాడతారు. దాని మందం 3 మిల్లీమీటర్లకి పైనే ఉంటుంది కాబట్టి మందమంతా ఎప్పటికీ ఆనదు, అక్కర్లేదు కూడా. కాబట్టి శాతం పట్టుకుని కూర్చోవద్దు. పల్చటి లైనరైతే మందమంతా ఆనిందా, అవతల సందు మిగిలిందా, ఈ రెండు ప్రశ్నలే అడగండి. మూడో వంతు నుంచి సగం దాకా ఎక్కడున్నా కొత్త కత్తికి మంచి చోటే.

"మూసినప్పుడు బిగుతుగా ఉంది, అంటే లాకు మంచిదే."

రెండింటికీ సంబంధం లేదు. మూసి ఉంచేది పట్టీలోని ఉక్కు గుండు, అలుగు పక్కనున్న చిన్న గుంటలో కూర్చుని. తెరిచి ఉంచేది పట్టీ కొస. మొదటిది బాగుండి రెండోది చెడ్డ కత్తులూ ఉన్నాయి, అటుది ఇటైనవీ ఉన్నాయి. విడివిడిగా చూడండి.

"ఊగుతుంటే ఇరుసు బిగించెయ్."

దీని మీద కొంచెం ఎక్కువ రాయాలి. ఎందుకంటే ఈ సలహా సగం నిజం, ఆ సగమే మనుషుల్ని పాడుచేస్తోంది. తెరిచిన అలుగుకి రెండు రకాల ఊగులాట ఉంటుంది. ఒకటి కుడి ఎడమలకి, రెండోది పైకీ కిందికీ. పక్కలకి ఊగితే అది అలుగు తిరిగే ఇరుసు సంగతి. ఇరుసు స్క్రూ వదులయిందో, దాని చుట్టూ ఉన్న వాషరు అరిగిందో అయి ఉంటుంది. దాన్ని బిగిస్తే తగ్గుతుంది. మళ్ళీ వదులవకుండా మరల్లో స్క్రూ జిగురు ఒక చుక్క, విప్పడానికి వీలయ్యే నీలం రంగుది, వేస్తే చాలు. పైకీ కిందికీ ఊగితే ఇరుసు బిగించి లాభం లేదు. అలుగు వెన్ను వైపు నుంచి నొక్కితే కదులుతోందంటే, పట్టీ కొస అలుగుని ఆపు మేకుకి అదిమి పట్టడం లేదని అర్థం. పట్టీ అరిగి ఉండొచ్చు, ఆపు మేకు అరిగి ఉండొచ్చు, వాలు తప్పుగా కోసి ఉండొచ్చు. ఏదైనా సరే, అది లాకు జబ్బు.

ఇరుసు బాగా బిగిస్తే ఏమవుతుందంటే, అలుగు బరువుగా తిరుగుతుంది కాబట్టి పై కింది ఊగులాట చేతికి తెలియదు. జబ్బు అలాగే ఉంటుంది, గుర్తు పోతుంది. పైగా బిగుసుకున్న అలుగు పూర్తిగా తెరుచుకోక ముందే ఆగిపోతుంది. పట్టీ దిగదు, మీరేమో దిగిందనుకుంటారు. కాబట్టి పరీక్ష చేసే ముందు ఇరుసుని ఒక పావు చుట్టు వదులు చెయ్యండి. అలుగు హాయిగా తిరుగుతుండగా రెండు రకాలూ చూడండి. కుడి ఎడమలదైతే బాగుచేసుకోండి. పై కిందిదైతే ఆ కత్తిని గట్టు మీదికి తీసుకెళ్ళకండి.

"వెన్ను బల్లకేసి కొట్టి చూడు, ఆగితే మంచిది."

వద్దు. ఎవరు చేసినా వద్దు, పక్కన పిల్లలుంటే అసలే వద్దు. బల్లకేసి కొట్టిన దెబ్బకి అలుగు, పిడి, పట్టీ మూడూ ఒక్క క్షణం పాటు వేరువేరుగా ఎగురుతాయి. మంచి పట్టీ కూడా ఆ క్షణంలో జారవచ్చు. నాసిది అదృష్టం కొద్దీ నిలబడవచ్చు. ఫలితం ఏదైనా మీకు తెలిసేది ఏమీ లేదు. తెలిసే నష్టం మాత్రం ఉంది: ప్రతి దెబ్బకీ పట్టీ కొస కొంచెం నలుగుతుంది. నాలుగు రోజులు ఇలా పరీక్షించిన కత్తి ఐదో రోజు చేతిలో మడుచుకుంటే అది కత్తి తప్పు కాదు.

దీని బదులు నొక్కండి. పిడిని రెండు పక్కల నుంచి, వేళ్ళేవీ గాడిలోకి రాకుండా పట్టుకోండి. అలుగు మడుచుకునే దారిలో ఏ వేలూ ఉండకూడదు. వెన్నుని చెక్క బల్ల అంచుకి ఆనించి, దెబ్బ వెయ్యకుండా, మెల్లమెల్లగా బరువు పెంచండి. ఆ ఒత్తిడిలో టార్చి వెలుతురున పట్టీని చూడండి. కదలకుండా ఉంటే సరే. లాకు విడిచేవైపుకి వెంట్రుకంత జరిగినా కత్తిని పక్కన పెట్టండి. తర్వాత ఒక పాత తాడుని కోస్తూ పిడిని పిడికిట్లో బిగించి, మణికట్టు కాస్త మెలితిప్పి చూడండి. లైనరు లాకు పిడిలో, బొటనవేలితో పట్టీని నెట్టడానికి ఒక గాటు ఉంటుంది. గట్టిగా పట్టి తిప్పినప్పుడు చూపుడు వేలి కండ ఆ గాటులోకి దిగి పట్టీని పక్కకి నెడుతుంది. చేతి తొడుగు వేసుకున్నవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ. పట్టీ కొస పిడి అంచుకన్నా బయటికి పొడుచుకొచ్చిన కత్తుల్ని ఈ కారణంగానే నేను వద్దంటాను.

"లాకు బిగుసుకుంటే ఒక చుక్క చమురు వెయ్యి."

ఇరుసులో వెయ్యండి. పట్టీ కొస మీద వెయ్యకండి. పట్టీ ఆ వాలు మీద నిలబడేది ఘర్షణ వల్లే. 8 డిగ్రీల వాలు అనుకుంటే, జారకుండా ఉండడానికి ఘర్షణ గుణకం కనీసం 0.14 ఉండాలి. పొడి ఉక్కు మీద ఉక్కుకి అది దానికన్నా బాగా ఎక్కువే. చమురు పూసిన ఉక్కుకి అది ఇంచుమించు ఆ అంచుకే దిగుతుంది. చమురు చుక్కతో లాకు సులువుగా విడిపోతోందని సంతోషించేవాళ్ళు ఆ సులువు పనిలో ఉన్నప్పుడు కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. ఇరుసులో వేసిన చమురు కారి అటు చేరితే గుడ్డ పేలికతో తుడిచేయండి.

కొందరు పట్టీ కొసకి పెన్సిల్ గీయమంటారు. టైటానియం పట్టీ అలుగుకి అతుక్కున్నట్టు పట్టేసి వదలకపోతే, అదీ పట్టీ మందమంతా బాగా ఆనిన కత్తిలో మాత్రమే, ఒక గీత గీయడం తప్పు కాదు. పెన్సిల్ ములుకు కూడా జారుడు పదార్థమే అని మరవకండి. జారే లాకుకి పెన్సిల్ గీసేవాడు తన వేలు తనే పందెం కాస్తున్నాడు.

మన ప్రాంతంలో అసలు గొడవ చమురుకన్నా మురికితో. చేప జిగురు, పొలుసు, మేత పొడి, చెరువు బురద. తేలే మేతలో నూనె ఉంటుంది. ఆ పొడి అలుగు మొదలు మీద పడి తడిసి పిండిలా గడ్డకడుతుంది. ఆ గడ్డ మీద ఆనిన పట్టీ సరైన చోటుకి రాకముందే ఆగిపోతుంది. పైకి లాకు పడినట్టే ఉంటుంది, రెండో కోతకి పిండి నలిగి పట్టీ జారుతుంది. బొచ్చె, శీలావతి ఎత్తిన తెల్లవారుజామున ఆ కత్తితోనే ప్యాకింగు దగ్గర పురికొస కోసేవాళ్ళు ఇది గమనించాలి. చెరువు నుంచి రాగానే కత్తి తెరిచి, మంచినీళ్ళలో ముంచి, సబ్బు రాసిన పాత పళ్ళబ్రష్షుతో గాడిలోపల, పట్టీ కొస దగ్గర తోమండి. గట్టిగా ఊది నీళ్ళు పోగొట్టి, తెరిచే ఆరనివ్వండి. మూసి ఎండలో పెడితే బయట ఆరుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది.

తుప్పు సంగతి కూడా ఇక్కడే. వేసవిలో కొల్లేటి మట్టం తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు వెనక్కి ఎక్కుతుంది. రొయ్యల చెరువుల్లో నీరు మామూలుగానే ఉప్పన. స్టెయిన్‌లెస్ అని రాసున్న లైనరుకి కూడా ఆ ఉప్పు నీటిలో చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. అలుగు మీద తుప్పు కనిపిస్తుంది కాబట్టి రుద్దుతారు. పట్టీ కొస మీది తుప్పు కనపడదు, అది రాలిన చోట పట్టీ పొట్టిదైపోతుంది. ఉప్పు నీటి పని చేసినవాళ్ళు ఆ రోజే మంచినీళ్ళతో కడగాలి, రేపటికి వాయిదా వెయ్యకూడదు.

"పట్టీ వదులైతే పట్టకారుతో ఇంకొంచెం వంచు. ఆకురాయితో కొస సాపు చెయ్. సందులో రేకు ముక్క దూర్చు."

మూడూ ఒకే కోవ. వంచితే పట్టీ లోపలికి ఇంకా గట్టిగా తోస్తుంది, కానీ అది ఆనే చోటు మారదు. అరిగిన కొస అరిగినట్టే ఉంటుంది. పైగా చీలిక మొదట్లో లోహం అలిసిపోయి ఒక రోజు పుటుక్కుమంటుంది. ఆకురాయి పెడితే 8 డిగ్రీలున్న వాలు ఎంతవుతుందో పట్టినవాడికీ తెలియదు. ఒక డిగ్రీ తేడాతో లాకు జారేదో, ఊడనిదో అయిపోతుంది. కొలిచే సాధనాలున్న కత్తుల పనివాడు చెయ్యగలిగింది సైకిల్ షాపు ఆకురాయికి సాధ్యం కాదు. రేకు ముక్క గురించి రాయడం కూడా దండగ.

"మంచి కంపెనీది, చూడక్కర్లేదు."

పేరున్న కత్తులకి నకళ్ళు బోలెడు. పేరు అచ్చు కొట్టడం సులువు, వాలు సరిగ్గా కొయ్యడం కష్టం. నిజమైన కంపెనీ కత్తిలో కూడా ముక్క ముక్కకీ తేడా ఉంటుంది. కాబట్టి పది కత్తులు ముందుంటే పదింటినీ తెరిచి, టార్చి వేసి, అన్నిటికన్నా నిలకడగా ఆగేదాన్ని ఎంచుకోండి.

"లాకుంది కదా, ఎలాగైనా వాడొచ్చు."

అన్ని తప్పుల్లోకీ పెద్దది ఇదే, దీన్ని చివరికి ఉంచింది అందుకే. కోత మామూలుగా అలుగుని తెరుచుకునే వైపుకే నెడుతుంది. పదును వస్తువు మీద ఆని ఉంటే ఆ బరువంతా ఆపు మేకు మోస్తుంది, లాకు మీద పడదు. నూజివీడు మామిడికైనా, తాడేపల్లిగూడెం పక్క వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వైపు నర్సరీల్లోనైనా అంటు కట్టే కత్తుల్లో చాలావాటికి లాకే ఉండదు, వెన్ను స్ప్రింగు ఉంటుందంతే. ప్రపంచమంతా జేబులో పెట్టుకునే స్విస్ చాకుల్లో 91 మిల్లీమీటర్ల రకానికి పెద్ద అలుగుకి లాకు లేదు, 111 మిల్లీమీటర్ల రకంలో చాలావాటికి లైనరు లాకు పెట్టారు. కోత సరైన దిశలో ఉంటే లాకు పని తక్కువ.

లాకు మీద బరువు పడే పనులు వేరే. పొడవడం, మెలితిప్పడం, పెకలించడం, ఇరుక్కున్న అలుగుని వెనక్కి లాగడం. మన దగ్గర ప్రమాదాలకి దారితీసేవి ఇవే. తడిసిన లావు నైలాను తాడులో అలుగు సగం దిగి ఇరుక్కుంటుంది, వెనక్కి గుంజుతారు, ఆ గుంజుడు అలుగుని మూసేవైపుకే లాగుతుంది. గుర్రపుడెక్క వేళ్ళలో చుట్టుకున్న వల దగ్గరా ఇదే. అలుగు ఇరుక్కుంటే గుంజకండి. తాడునే వదులు చేసి, అలుగుని వచ్చిన దారినే పక్కకి తీయండి. మేత బస్తాని పొడిచి తెరవడం ఇంకో చెడ్డ అలవాటు. బస్తా మూతి గొలుసు కుట్టుతో కుట్టి ఉంటుంది. సరైన కొస దొరికితే చేత్తో లాగితే చాలు, కుట్టు మొత్తం ఊడొస్తుంది. బస్తా కూడా పాడవదు. థర్మోకోల్ పెట్టె మూత పెకలించడానికి, ఐసు గడ్డ విడగొట్టడానికి మడత కత్తి తీసేవాణ్ణి చూస్తే ఆపండి. మీ కూలీ అయినా, మీ తమ్ముడైనా, మీ ఆసామి అయినా.

మూసేటప్పుడు జాగ్రత్త. ఈ లాకు విడిచేటప్పుడు బొటనవేలు అలుగు దారిలోనే ఉంటుంది. పట్టీని నెట్టి, అలుగు కొంచెం కదలగానే బొటనవేలు తీసేసి, ఆ తర్వాతే మూయాలి. చేతులు చేప జిగురుతో ఉంటే ముందు తుడుచుకోండి.

రోజంతా నీళ్ళలో, జిగురులో, ఒంటి చేత్తో పనిచేసేవాడికి నేను మొదట చెప్పే కత్తి మడత కత్తి కాదు. ఒరలో పెట్టుకునే చిన్న కత్తి, అలుగు నాలుగంగుళాలు దాటనిది, పిడి గరుకుగా ఉన్నది. దానికి లాకు లేదు, జారేది లేదు, కడగడం తేలిక. మడతదే కావాలంటే, 1955లో ఫ్రాన్సులో ఒపినెల్ కంపెనీ పెట్టిన తిరుగుడు కడియం లాంటి లాకు ఉన్నదాన్ని చూడండి. కడియం తిరిగిందో లేదో కంటికి కనిపిస్తుంది. దాని చెక్క పిడి నీళ్ళకి ఉబ్బి అలుగుని బిగబట్టేస్తుంది కాబట్టి పొడి చోట వాడుకోవాలి. లైనరు లాకే ఉన్నవాళ్ళు ఇవాళ రాత్రి ఇంట్లో దీపం కింద ఒకసారి తెరిచి చూడండి. పట్టీ మందమంతా ఆనకపోయినా, అవతలి లైనరుకి తగిలినా, వెన్ను నొక్కితే అలుగు కదిలినా ఆ కత్తి పని అయిపోయింది. ఇంకొకరికి ఇవ్వకండి, అమ్మకండి. ఇరుసు విప్పి అలుగు వేరు చేసి, గుడ్డలో చుట్టి, పాత ఇనపసామానులో వేసేయండి.